రెట్ట కోసం పడిగాపులు

బుడంకాయ్ తింటోంది కానీ తిన్నది ఒంటబట్టడం లేదు. చేప ముక్క అలా లోపలికి వెళ్ళిందో లేదో, కాసేపటికి ఇలా నీళ్ళలా బయటికి వచ్చేస్తోంది. అందులో చేప ఇంకా చేపలాగే కనిపిస్తోంది. రోజూ పొద్దున్నే త్రాసు మీద పెట్టడం, నిన్నటికన్నా తగ్గిందని చూడడం, నేనూ ల్యాబు అమ్మాయీ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా తలుపు దగ్గరగా వేసి బయటికి వచ్చేయడం. ఆ వారం మా వరస ఇది.

బుడంకాయ్ అంటే రాగిరెక్కల కొంగపిల్ల. ఆ కొంగలు మా చిత్తడినేల మొత్తం మీద వేళ్ళ మీద లెక్కపెట్టేన్నే మిగిలాయి. గాలివానకి గూడు కూలిపోతే, పగలకుండా మిగిలిన గుడ్డుని మా పక్షుల కేంద్రానికి తెచ్చి ఇంక్యుబేటరులో పొదిగించాం. ఈ ఏడాది మా చేతికి దక్కిన పిల్ల ఇదొక్కటే. మనుషులకి మాలిమి అయిపోతుందని పిల్లలకి పేరు పెట్టకూడదన్నది కేంద్రం నియమం. అందుకని మేం పేరు పెట్టలేదు. ఊరికే బుడంకాయ్ అంటాం.

పుట్టిన కొన్నాళ్ళకే దానికి విరేచనాలు పట్టుకున్నాయి. పరీక్ష చేస్తే చెడ్డ క్రిమి బయటపడింది. అక్కడ పక్షుల డాక్టర్ని నేనే కాబట్టి యాంటీబయాటిక్ కూడా నేనే రాశాను. రాయకపోతే అప్పుడే పోయేది, అందులో నాకేం అనుమానం లేదు. క్రిమి చచ్చింది. కానీ మందుకి మంచీ చెడూ తెలియదు కదా. పొట్టలో ఉండి తిండిని అరగదీసే మంచి బాక్టీరియాని కూడా తుడిచిపెట్టేసింది. అసలు ఈ పిల్లకి ఆ బాక్టీరియా మొదట్నుంచీ అంతంతమాత్రమే. గూట్లో పుట్టి ఉంటే అమ్మా నాన్నా కక్కి పెట్టిన చేపలు తినేది, వాళ్ళ ఎంగిలి మింగేది, వాళ్ళు తొక్కిన పుల్లల్ని నోట్లో పెట్టుకునేది. పొట్టకి కావలసిందంతా అలా చేరేది. మేమేమో ఉడకబెట్టిన పట్టకారుతో, కడిగిన చేపని, కొంగ తలలా కుట్టిన గుడ్డ తొడుగు చేతికి తగిలించుకుని మరీ పెట్టాం. అమ్మలా కనిపించాం కానీ అమ్మ దగ్గర దొరికేది ఇవ్వలేకపోయాం.

"ఖాళీ చేసిన ఇల్లులా ఉంది మేడమ్ దీని పొట్ట," అంది ల్యాబు అమ్మాయి మైక్రోస్కోపు మీంచి తలెత్తి. "సామాను లేదు, మనుషుల్లేరు. గోడలున్నాయంతే."

ఇలాంటప్పుడు చెయ్యగలిగింది ఒకటుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కొంగ రెట్టని సెలైనులో కలిపి, వడగట్టి, సన్నటి ట్యూబుతో పిల్ల పొట్టలోకి పంపడం. వినడానికి అసహ్యంగానే ఉంటుంది. కానీ పాలు పెరుగవ్వాలంటే నిన్నటి పెరుగు చుక్క వేస్తాం కదా, ఇదీ అలాంటిదే. కాకపోతే ఆ పెద్ద కొంగకి రోగాలేవీ లేవన్న నమ్మకం ఉండాలి. అదృష్టం బావుండి అలాంటిది ఒకటుంది. కాలికి పసుపు కడియం వేసిన ఆడకొంగ. మేం దాన్ని పసుపు కడియం అనే పిలుస్తాం. ఆమధ్యే దాన్ని పట్టుకుని, రక్తం తీసి, రెట్ట తీసుకుని వదిలేశాం. పరీక్షలన్నీ శుభ్రంగా వచ్చాయి. ఆ రెట్ట ల్యాబు ఫ్రీజరులో ఉంది.

పిల్లకి మందు ఆదివారంతో అయిపోతుంది. మందు ఒంట్లో ఉండగా ఎక్కిస్తే కొత్తగా వెళ్ళే బాక్టీరియా కూడా చస్తుంది. అందుకని సోమవారం పొద్దున్న పెట్టుకున్నాం.

శనివారం సాయంత్రం ల్యాబు ఫ్రీజరు చెడిపోయింది.

కేంద్రం వెనకే నా క్వార్టరు. రెట్ట ఉన్న స్టీలు డబ్బాని గబగబా ఇంటికి తెచ్చి, నా ఫ్రిజ్జులో పైనున్న ఫ్రీజరు అరలో, బఠాణీల పొట్లం వెనక దాచాను. డబ్బా మీద ఏమీ రాయలేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో ఎవరికీ అంటే మా అక్కకి.

మా అక్క పెద్దాసుపత్రిలో ఆపరేషన్ థియేటరు నర్సుగా చేసి రిటైరైంది. ఎంత పెద్ద సర్జనైనా చేతులు కడుక్కుని అక్క వైపు చూసేవాడట. ఆవిడ తలూపితేనే లోపలికి. తన మోకాలికి ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్ళుండి వెళ్తానని నా దగ్గరికి వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ ఊరికే కూర్చోలేక నా ఇంటిని కూడా థియేటరు చేసేసింది. గరిటెలు ప్రెషర్ కుక్కరులో ఉడుకుతుంటాయి. తలుపు గడియల్ని స్పిరిట్టుతో తుడుస్తుంది. నేను పని నుంచి వస్తే గుమ్మంలోనే ఆపి "చేతులు" అంటుంది. ఆ ఒక్కమాటే. నాకు యాభై దాటాయన్న సంగతి ఆవిడ లెక్కలోకి రాదు.

అలాంటి మనిషితో 'అక్కా, ఫ్రిజ్జులో కొంగ రెట్ట పెట్టాను' అని ఎలా చెప్పను? ఆదివారం ఒక్కటి గడిస్తే చాలనుకున్నాను.

ఆదివారం నేను కేంద్రంలో ఉండగా అక్క ఫ్రిజ్జు కడిగింది.

సోమవారం పొద్దున్న తలుపు తీస్తే పై అర అద్దంలా మెరుస్తోంది. బఠాణీలు కొత్త డబ్బాలోకి మారాయి. నా స్టీలు డబ్బా వంటగట్టు మీద గిన్నెల బుట్టలో బోర్లించి ఉంది.

"అక్కా, ఈ డబ్బాలో ఏముంది?"

"నన్నడుగుతావేంటే? పెట్టింది నువ్వు. ఏ కాలం నాటి కూరో, నల్లగా పచ్చగా గడ్డకట్టుకుపోయింది. మూత తీస్తే చేపల కంపు. ఇంకో రెండ్రోజులుంటే అదే నడుచుకుంటూ బయటికొచ్చేది."

"ఏం చేశావు?"

"ఏం చేస్తాను, టాయిలెట్లో పోసి నీళ్ళు కొట్టాను. డబ్బాని రెండుసార్లు కుక్కరులో పెట్టాను. ఒకసారికి వాసన వదల్లేదు."

కుర్చీ లాక్కుని కూలబడ్డాను. అక్క స్టవ్వు కట్టేసి ఇటు తిరిగింది.

"ఏంటే అది?"

చెప్పాను. తిడుతుందనుకున్నాను. తినే తిండి పెట్టుకునే చోట రెట్ట పెట్టడానికి నీకు మతుందా అంటుందనుకున్నాను. అక్క చేతులు తుడుచుకుంటూ, "పిల్ల ఎలా ఉంది?" అంది.

"బాలేదు."

"బతకడం దీని మీదే ఉందా?"

"దీని మీదే ఉందక్కా. ఇంకో దారి లేదు."

అక్క నెమ్మదిగా స్టూలు మీద కూర్చుంది. మోకాలిని రెండు చేతులతో పట్టుకుంది.

"ఇన్నేళ్ళ సర్వీసులో పేరు రాయని సీసా ఒక్కటి కూడా అడక్కుండా పారబొయ్యలేదే నేను. ఇదెవరిది, ఇందులో ఏముంది అని అందర్నీ అడిగి చంపేదాన్ని. ఇల్లే కదా అని అడగలేదు."

"రాయనిది నేనే కదా."

"రాసుంటే నిన్నూ డబ్బానీ కలిపి బయట పెట్టేదాన్ని." మోకాలు ఒకసారి రుద్దుకుని, "అయినా రాయాల్సింది," అంది.

ఇంకో రోజైతే ఇద్దరం నవ్వేవాళ్ళమే.

"వేరే కొంగది పనికిరాదా?"

"దాని పరీక్షలన్నీ మళ్ళీ చేయించాలి. అవి వచ్చేసరికి వారం పడుతుంది. బుడంకాయ్ దగ్గర వారం లేదు."

"మరి ఆ పసుపు కడియాన్నే ఇంకోసారి పట్టుకుంటే?"

"ఇప్పుడు దాని గూట్లో పిల్లలున్నాయి. బెదిరిందంటే గూడు వదిలేసి పోతుంది. ఒక పిల్ల కోసం రెండు పిల్లల్ని చంపలేను." ఆ మాట అంటుండగానే తోచింది. "పట్టుకోకుండా, గూటి కింద కాపలా కాయాలి. కొంగలు గూడు పాడుచేసుకోవు. వెనక్కి తిరిగి అంచు మీంచి బయటికి వేస్తాయి. అది కింద పడగానే తియ్యాలి. మట్టి తగలకూడదు."

అక్క లేచింది. "అయితే ప్లాస్టిక్ షీట్లు కావాలి. పైన అటక మీద రెండున్నాయి, అందుకో. నీ రెయిన్‌కోటు ఇలా పడెయ్, నాదీ తీస్తాను. స్పిరిట్టు సీసా నిండా ఉందా?"

"రెయిన్‌కోట్లెందుకక్కా? నువ్వు రావడమేంటి, ఆ మోకాలితో బురదలోకి?"

"పారబోసింది నేను. పోగుచేసేటప్పుడు ఇంట్లో కూర్చుని టీవీ చూడనా?" షీటు అప్పటికే బల్ల మీద పరిచి తుడవడం మొదలుపెట్టింది. "షీట్లు శుభ్రంగా ఉండి మనుషులు మురికిగా ఉంటే ఏం లాభం? కోటు ఇవ్వవే."

కేంద్రం జీపు నడిపే డ్రైవరుని అందరూ నిదానం అంటారు. ఎంత తొందర పెట్టినా బండిని ఎద్దుబండిలాగే నడుపుతాడు. అక్కని చూసి, ముందు సీటు వెనక్కి జరిపి, కాలు చాపుకోడానికి వీలు చేశాడు.

"ఎక్కడికి సిస్టరమ్మా, పొద్దున్నే?"

"కొంగ రెట్ట ఏరుకురావడానికి నాయనా."

నిదానం అద్దంలోంచి నా వైపు చూశాడు. నేను తలూపాను. కాస్త దూరం వెళ్ళాక, "మా ఇంటి మీద పావురాలున్నాయమ్మా, అవి పనికొస్తే చెప్పండి, బస్తా నింపి తెస్తాను," అన్నాడు. అక్క నవ్వింది. ఆ పొద్దున ఆవిడ మొదటిసారి నవ్వడం అప్పుడే.

పసుపు కడియం గూడు చిత్తడి అంచున, తీగలు తీసేసిన పాత కరెంటు స్తంభం మీద ఉంది. పైన బల్లలాంటి చట్రం మేమే బిగించాం. జీపు దూరంగా ఆపించి నడిచాం. అక్క ఒక చేత్తో నా భుజం పట్టుకుని, రెండో చేతిలో సంచీ ఊపుకుంటూ నడిచింది. గూట్లో పిల్లల దగ్గర మగకొంగ ఒక్కటే ఉంది. మమ్మల్ని చూసి రెండుసార్లు ముక్కు టపటపలాడించి ఊరుకుంది. మేం రోజూ దుర్భిణితో చూసి పోతుంటాం కాబట్టి వాటికి మేం కొత్త కాదు.

స్తంభం చుట్టూ షీట్లు పరిచాం. గాలికి లేవకుండా అంచుల మీద పెట్టడానికి నేను రాళ్ళు ఏరుకొస్తే, అక్క వాటిని కూడా స్పిరిట్టుతో తుడిచింది.

"అక్కా, అవి బురదలో ఉన్న రాళ్ళే."

"అందుకే తుడుస్తున్నా."

కొంచెం పక్కగా నిలబడి చూస్తున్నాం. పసుపు కడియం జాడ లేదు, చేపలకి వెళ్ళినట్టుంది. ఇంతలో మగకొంగ లేచి, ఒళ్ళు విరుచుకుని, వెనక్కి తిరిగి షీటు నట్టనడుమ కచ్చితంగా గురిచూసినట్టు వేసింది. నా చెయ్యి దానంతటదే సీసా మూత తీసింది.

"దీనికి పరీక్షలు చెయ్యలేదుగా?" అంది అక్క.

"లేదు."

"అక్కర్లేని చోట ఎంత బుద్ధిగా చేశాడో చూడు," అంటూ సంచీలోంచి గుడ్డ తీసి, వంగలేక వంగి, అది తుడిచి, స్పిరిట్టు పూసి మళ్ళీ వెనక్కి వచ్చింది. "సరే. మహాతల్లి ఎప్పుడొస్తుందో."

ఎండ ఎక్కుతోంది. నాకు లోపల భయం పట్టుకుంది. ఈ జాతి కొంగలు ఎండ ముదిరిందంటే రెట్టని కిందికి వదలవు, తమ కాళ్ళ మీదే వేసుకుంటాయి. ఆ తడి ఆరేటప్పుడు ఒళ్ళు చల్లబడుతుంది. ఇంకాస్త పొద్దెక్కితే ఇక సాయంత్రం దాకా కింద ఏమీ పడదు. ఆ మాట అక్కకి చెప్పాను.

"తన కాళ్ళ మీద తనేనా?"

"ఆఁ."

"ఇంత ఎత్తు పెరిగి ఇదేం అలవాటే దీనికి?" అంది కానీ గొంతులో వేళాకోళం లేదు. ఆవిడ కూడా సూర్యుడి వైపు చూస్తోంది.

అప్పుడే ల్యాబు అమ్మాయి ఫోను చేసింది. పొద్దున పెట్టిన చేప కూడా అలాగే వచ్చేసిందట. మళ్ళీ పెట్టబోతే బుడంకాయ్ నోరు తెరవలేదట. తల ఎత్తడం లేదట. "మేడమ్, తొందరగా రాగలరా?" అంది. ఆ అమ్మాయి ఎప్పుడూ తొందర అన్న మాట వాడదు. నేను వస్తున్నాననీ రాననీ చెప్పకుండా ఫోను పెట్టేశాను. అక్క నా మొహం చూసి, మళ్ళీ గూటి వైపు తిరిగింది.

పసుపు కడియం వచ్చింది. పెద్ద రెక్కలు, ఎండలో రాగి చెంబుల్లా మెరుస్తున్నాయి. గూటి మీద దిగి, మెడ సాచి, తెచ్చిన చేపలన్నీ పిల్లల ముందు కక్కింది. రెండు పిల్లలూ వాటి మీద పడ్డాయి. ఆ మెత్తటి, జిగట జిగట ముద్దలో బుడంకాయ్‌కి దొరకనిదంతా ఉంది. వాటిని చూస్తుంటే నాకు ముచ్చటేసింది, బాధ కూడా వేసింది.

కాసేపటికి పసుపు కడియం గూటి అంచుకి వచ్చింది. తోక మా వైపు తిప్పింది. అంతలో చిత్తడి మీంచి గాలి ఒక్కసారి విసిరింది. రెట్ట షీటు దాటి, బురదలో టప్‌మని పడింది.

నేను పరుగెత్తి వెళ్ళి చూశాను. ఎక్కడ రెట్టో ఎక్కడ బురదో తెలియకుండా కలిసిపోయింది. ఆ బురదలో ఏ క్రిములున్నాయో ఎవరికి తెలుసు. వట్టి చేతులతో అక్కడే నిలబడిపోయాను. నా వల్ల కాదనిపించింది. మందు రాసిందీ నేనే, డబ్బా దాచిందీ నేనే.

వెనక అక్క ఏదో గొణుగుతోంది. తిరిగి చూస్తే, ఆవిడ షీట్లన్నీ వదిలేసి, గాలి వీస్తున్న వైపుకి, స్తంభానికి అవతలగా నడుస్తోంది. రెయిన్‌కోటు టోపీ తల మీదికి లాక్కుంది. బురదలో చెప్పు ఒకటి కూరుకుపోతే వదిలేసి ఇంకో అడుగు వేసింది.

"ఎక్కడికక్కా?"

"షీటు గాలి ఎటు తిరిగితే అటు నడవలేదు కదే," అంది వెనక్కి చూడకుండా. "నువ్వు అటు నిలబడు. నేను ఇటు."

నేనూ కోటు సరిచేసుకుని రెండో వైపు నిలబడ్డాను. వయసొచ్చిన అక్కచెల్లెళ్ళం ఇద్దరం, మొహాలు పైకెత్తి, కొంగ ఎప్పుడు వేస్తుందా అని. దూరంగా జీపు పక్కన నిదానం కూడా మెడ ఎత్తే నిలబడ్డాడు. గాలి ఎటు తిరిగితే అక్క అటు ఒక అడుగు జరుగుతోంది. మోకాలు నొప్పెడుతోందని నాకు తెలుసు, ఆవిడ పెదవులు బిగించడంలో తెలుస్తోంది. ఎండ మెడ మీద చురుక్కుమంటోంది. పసుపు కడియం పిల్లలకి నీడపట్టి నిలబడింది. ఒకసారి కాలు ఎత్తి దించింది. ఇక కాళ్ళ మీదే వేసుకుంటుందేమో అనుకున్నాను. అది అంచుకి రావడం, తోక ఎత్తడం, నేను ఊపిరి బిగబట్టడం అన్నీ ఒకేసారి జరిగాయి.

అక్క భుజం మీద పడింది. భుజం మీదా, టోపీ మీదా, కొంత కళ్ళజోడు మీదా.

"కదలకు," అన్నాను.

"నేనెక్కడ కదిలాను? నువ్వు రా ముందు."

ఉడకబెట్టి తెచ్చిన చెంచాతో కోటు మీంచి తీసి సీసాలో వేశాను. వేడిగా ఉంది. అక్క రాతిబొమ్మలా నిలబడింది. రోజుకి ఇన్నిసార్లని లేకుండా చేతులు కడుక్కునే మనిషి, చెంప మీద ఒక చుక్క జారుతున్నా తుడుచుకోలేదు.

"కళ్ళజోడు మీదున్నది తీసుకో."

"చాలక్కా."

"చాలో చాలదో నీకేం తెలుసు, తీసుకో. మొదటిది బురదపాలైంది కదా, ఇది ఒక్క చుక్క కూడా పోకూడదు. అద్దం పొద్దున్నే తుడిచాను."

అద్దం మీదిది కూడా తీశాను. సీసా మూత బిగించాక అప్పుడు అక్క తలెత్తి గూటి వైపు చూసి, "నీ కడుపు చల్లగుండ తల్లీ," అంది. ఒక చెప్పుతో, రెండో కాలు బురదతో, నా భుజం పట్టుకుని జీపు దాకా వచ్చింది. నిదానం బండిని అంత వేగంగా నడపడం నేనెప్పుడూ చూడలేదు.

పిల్లల గదిలో మాట్లాడకూడదు. తెల్ల ముసుగులు కప్పుకుని, కొంగ తొడుగులు తగిలించుకుని వెళ్ళాలి. సెలైనులో కలిపి వడగట్టి సిరంజిలోకి తీసేలోపు అక్క చేతులు కడుక్కుని, ముసుగు వేసుకుని, తలుపు దగ్గర తయారుగా ఉంది. ల్యాబు అమ్మాయి నన్ను చూసి కళ్ళతోనే అడిగింది. రానివ్వమని సైగ చేశాను.

అక్క బుడంకాయ్‌ని ఎత్తుకుంది. ఎన్ని ఆపరేషన్లలో ఎంతమందిని అలా పట్టుకుందో ఆ చేతులు. తల కింద రెండు వేళ్ళు, పొట్ట కింద అరచెయ్యి. అప్పటిదాకా వణుకుతున్న పిల్ల ఆ అరచేతిలో సర్దుకుంది. నేను ట్యూబు దించాను. గొంతులో అడ్డం తగలకుండా వెళ్ళింది. సిరంజి నెమ్మదిగా నొక్కాను. అంతే. అంతకన్నా చూడ్డానికి ఏమీ లేదు. పసుపు కడియం పిల్లలకి ఊరికే దొరికేదాన్ని ఈ పిల్లకి ఇంతమందిమి కలిసి ఇచ్చాం.

మర్నాడు మార్పు లేదు. చేప అలాగే వచ్చేసింది. బరువు ఇంకాస్త తగ్గింది. ఒక్కసారితో సరిపోదు, మళ్ళీ ఎక్కించాలి. ఆ సంగతి ఇంటికొచ్చి చెప్తే అక్క అప్పటికే కోట్లు రెండూ తుడిచి కొక్కేనికి తగిలించి ఉంచింది. మళ్ళీ వెళ్ళాం. ఈసారి పసుపు కడియం షీటు మీదే వేసింది. అక్క కొంచెం నిరాశపడినట్టు నాకు అనిపించింది.

అదీ ఎక్కించాక, ఒక ఉదయం నేను ఇంకా ఇంట్లో ఉండగానే ల్యాబు అమ్మాయి ఫోను.

"మేడమ్, రండి. ఆంటీని కూడా తీసుకురండి."

"ఏమైంది?"

"మీరే చూడాలి."

ఆ గొంతుని బట్టి మంచో చెడో పోల్చుకోలేక, కాఫీ సగంలో వదిలేసి వెళ్ళాం. ఆ అమ్మాయి పిల్లల గదిలోంచి ఒక పళ్ళెం బయటికి తెచ్చి మా ముందు పెట్టింది. పళ్ళెంలో రెట్ట. నీళ్ళు కాదు. ముదురు ఆకుపచ్చ రంగులో ముద్దగా, గట్టిగా, మీద తెల్లటి టోపీ పెట్టినట్టు. అచ్చం పసుపు కడియందిలాగే ఉంది. అందులో చేప ఆనవాలు లేదు.

ముగ్గురం దాని మీద వంగాం. ఆ అమ్మాయి ముక్కు ఎగబీల్చింది. "మైక్రోస్కోపులో కూడా చూశాను మేడమ్. అద్దెకి దిగారు. బోలెడు సంసారాలు," అంది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

అక్క కళ్ళజోడు సవరించుకుని పళ్ళేన్ని కాస్త వెలుగు వైపు తిప్పింది. "బాగుంది," అంది.

ఆ మాట అక్క నోట నేను ఇదివరకోసారి విన్నాను. చిన్నప్పుడు నాకు టైఫాయిడ్ వస్తే అమ్మ ఉద్యోగానికి సెలవు దొరక్క, నన్ను చూసుకున్నది అక్కే. అప్పుడు అక్కకే పదిహేనేళ్ళు. రోజూ పొద్దున్నే నేను దొడ్డికెళ్ళిన డబ్బా తీసి వెలుగు దగ్గరికి పట్టుకెళ్ళి చూసి, వచ్చి మొహం ముడుచుకుని కూర్చునేది. ఒకరోజు చూసి వచ్చి ఇదే మాట అంది. బాగుంది. ఆ మధ్యాహ్నం నుంచి నాకు అన్నం పెట్టారు. నేను దానికి అక్కకి థాంక్స్ చెప్పలేదు. మా ఇంట్లో అలాంటివి చెప్పుకునే అలవాటు లేదు. ఇప్పుడు చెబుదామని నోరు తెరిచాను కూడా.

"ఏంటే అలా చూస్తావు?" అంది అక్క. "పిల్లకి చేప పెట్టండి ముందు. ఆకలేస్తుంటుంది."

పెట్టాం. కిటికీ అద్దంలోంచి అక్క చూస్తుండగా బుడంకాయ్ మెడ నిక్కించి, తొడుగు ముక్కులోంచి చేప లాక్కుంది. మింగి, ఇంకా కావాలని చిన్న ముక్కుని టపటపలాడించింది. ఇంకోటి పెట్టాను. ఇంకోటి. త్రాసు సంగతి మర్నాడు చూసుకున్నాం. పెరిగింది. ఆ తర్వాత ఇంకా పెరిగింది. ల్యాబు అమ్మాయి నిదానానికి చెప్పింది, నిదానం కేంద్రంలో అందరికీ చెప్పాడు. ఒక్క గ్రాము పెరిగినా స్వీట్లు పంచేలా ఉన్నారని కేంద్రం నడిపే పెద్దసారు విసుక్కున్నారు. విసుక్కుంటూనే ఆయన కూడా కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

బుడంకాయ్ ఈకలకి రాగిరంగు తిరగడం మొదలయ్యాక, ఒక ఆదివారం అక్క చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడింది.

"ఇవాళ సెలవు కదా. ఒకసారి అక్కడికి తీసుకెళ్ళు."

"ఎక్కడికి?"

"గూటి దగ్గరికి."

"ఇక రెట్ట అక్కర్లేదక్కా. పిల్ల బావుంది."

"బావుందని మనకి తెలుసు. దానికి ఎవరు చెప్పారు?"

నిదానాన్ని లేపకుండా నేనే బండి తీశాను. ఈసారి షీట్లు లేవు, స్పిరిట్టు లేదు. ఎండ ఇంకా ముదరలేదు. స్తంభం మీద పసుపు కడియం ఒక్కటే ఉంది. పిల్లలు రెండూ ఎదిగి, గూటి అంచున రెక్కలు ఆడించుకుంటున్నాయి. అక్క స్తంభానికి కొంచెం దూరంలో ఆగింది. కోటు లేకుండా, మామూలు చీరలో, తలెత్తి నిలబడింది.

"మీ పిల్ల తింటోందమ్మా," అంది, పక్కింటావిడకి ప్రహరీ మీంచి చెప్పినట్టు. "నిన్న మూడు చేపలు తింది. అంతా ఒంటబట్టింది. కాళ్ళు గట్టిపడ్డాయి, నిలబడుతోంది. నువ్వేం దిగులు పెట్టుకోకు. మేం చూసుకుంటాం, ఎగరడం వచ్చేదాకా."

పసుపు కడియం మెడ వంచి ఒక కన్ను మా వైపు తిప్పింది. చూసి, మళ్ళీ పిల్లల వైపు తిరిగి ఒకదాని వీపు మీద ఈక సరిచేసింది.

అక్కకి చెప్పవలసింది అయిపోయినట్టుంది. నాకు మాత్రం ఇంకా ఏదో మిగిలింది. అక్కలా పైకి అనడం నాకు రాదు. అక్కడే కాసేపు నిలబడి చూశాను. తిరిగి వచ్చేటప్పుడు, బురద దాటించడానికన్నట్టు అక్క చెయ్యి పట్టుకున్నాను. గట్టినేల వచ్చాక కూడా వదల్లేదు. ఆవిడా లాక్కోలేదు.